మేనల్లుడు పట్టుకెళ్ళిన గోల్

సువా, రైవంగ
మార్చి, రెండో ఆదివారం

తోరికక్కకి తమ్ముడు ఇనోకె రాస్తున్నది.

ప్రపంచ కప్పు అర్హత పోటీలకి మా గ్రూపు తేలింది. తాహితీ, వనువాటు, టోంగా, మన ఫిజీ. ఒక్కొక్కరితో రెండేసి మ్యాచ్‌లు, ఒకటి మన గడ్డ మీద, ఒకటి వాళ్ళ గడ్డ మీద. నాలుగు జట్లలో ఒక్కటే ముందుకి పోతుంది. తాహితీవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి, బంతి వాళ్ళ కాళ్ళకి అతుక్కుపోతుంది. వనువాటు కుర్రాళ్ళు మొదట్లో గుర్రాల్లా పరిగెత్తుతారు, ఆట చివరికొచ్చేసరికి రొప్పుతూ నడుం మీద చేతులేసుకుని నిలబడతారు. ఇక టోంగా అంటావా, అది జట్టు కాదక్కా, మాకు ఊరికే వచ్చే ఆరు పాయింట్లు. మన టోంగా బావకి ఈ ముక్క చదివి వినిపించు. అక్క మనదైతే బావ మనవాడా అన్నారు, కోపం వస్తే రానీ.

నవ్వులాటకి రాస్తున్నానుగానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఇన్నాళ్ళూ ఈ కోచ్ కుర్చీలో బయటి దేశాల తెల్లవాళ్ళే కూర్చున్నారు. మన దీవివాడొకడు కూర్చోవడం ఇదే మొదలు. కూర్చోబెట్టిన పెద్దమనుషులు ఆ రోజే చెప్పారు: "గ్రూపులో మొదటి స్థానం రావాలి ఇనోకె. రెండోది వచ్చిందా, మళ్ళీ బయటినుంచి పిలిపించుకుంటాం." మన లకెంబ దీవిలో పుట్టినవాడికి రగ్బీ తప్ప ఇంకో ఆట ఉందని తెలియదనీ, ఫుట్‌బాల్ బా పట్నం భారతీయుల సొత్తనీ వీళ్ళ నమ్మకం. నా గోల్ కీపర్ అవినేష్ బా వాడే. కెప్టెన్ మాత్రం మనవాడు, మన వైలోమా ఊరి సెరు, చిన్నాన్న కొడుకు. డిఫెన్స్‌లో వాడు నిలబడితే గోడ కట్టినట్టే.

ఇంకొకటి. టోంగా జట్టు పేర్లు పేపర్లో చూశాను. ఏడో నంబరు, లిసియాతె. నా మేనల్లుడు. ఈ సంగతి నేను పేపర్లో చదువుకోవాలా? నాకు మీసం మొలిచిన దగ్గర్నుంచి నీ మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు. అక్కాతమ్ముళ్ళు పెద్దయ్యాక ఎదురుపడి మాట్లాడుకోకూడదన్నది మన ఆచారం, దాన్ని తప్పమనడం లేదు. ఉత్తరం ముక్క రాయడానికి ఏ ఆచారం అడ్డమొచ్చింది?

నీ తమ్ముడు
ఇనోకె

*

నుకుఅలోఫా, టోంగా
ఏప్రిల్

ఇనోకెకి,

మీ బావకి చదివి వినిపించమన్నావు, వినిపించాను. నవ్వాడు. "మీ తమ్ముడికి లెక్కలు బాగా వచ్చే, ఆట కూడా వస్తే బాగుండు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

లిసియాతె సంగతి నీకెందుకు రాయాలి? రెండేళ్ళ కిందట వాడు పడవెక్కి నీ దగ్గరికి వచ్చాడు. నువ్వప్పుడు కుర్రాళ్ళ జట్టుకి కోచ్‌వి. నీ గుమ్మంలో చాప మీద కూర్చుని, తల వంచుకుని, "మామా, మీ జట్టులో నాకు చోటు కావాలి" అని అడిగాడు. తల్లి దేశానికి ఆడతానన్నాడురా వాడు. నువ్వేమన్నావు? "మామ కోచ్ కాబట్టి అల్లుడు ఆడుతున్నాడంటారు, జనం నోరు మూయించలేను, వెళ్ళిరా." వాడికి ఆట రాదని చెప్పి పంపితే నేను నోరెత్తేదాన్ని కాదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, మైదానంలో పరిగెత్తించి చూశావా? నీ మంచి పేరు కోసం నా కొడుకుని గుమ్మంలోంచే తిప్పి పంపావు.

మన దగ్గర వాసు అంటాం, ఇక్కడ టోంగాలో ఫహు అంటారు. పేరేదైతేనేం, మేనల్లుడి హక్కు మేనల్లుడిదే. మామ ఊళ్ళో వాడు చెయ్యి పెట్టిన పంది వాడిది, పడవ వాడిది, చాప వాడిది. కాదనే మామ పుట్టలేదు. లిసియాతె పసివాడప్పుడు వైలోమాలో పాస్టరు గారి విందుకని పెంచుతున్న పందిపిల్లని చంకనేసుకుని పోతుంటే ఊరంతా చూసి నవ్వింది. పాస్టరు గారూ నవ్వారు. మెడకి తాడు కట్టి వాడి చేతికిచ్చింది నువ్వే. ఆ ఇనోకె ఎక్కడికి పోయాడు? సువా నీళ్ళు తాగి తెల్లవాడైపోయాడా?

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నా కొడుకు అడిగాడు. నువ్వు పెట్టలేదు. పెట్టనిదాన్ని వాడు తీసుకుంటాడు. ఇది బెదిరింపు కాదు, నీకూ తెలిసిన పద్ధతే. మేం ఆరు పాయింట్లమో ఎన్నో జూన్‌లో సువాలో తెలుస్తుంది.

తోరికా

*

సువా
జూన్, మ్యాచ్ అయిన మూడోరోజు

అక్కా,

పేపర్లు నీదాకా వచ్చే ఉంటాయి. అయినా నా చేత్తో రాస్తాను, చదువు. నీ కడుపు చల్లబడుతుందేమో.

పపేతేలో తాహితీతో డ్రా చేసుకొచ్చాం. ఇక్కడ వనువాటుని రెండు గోల్స్‌తో ఓడించాం. అంతా అనుకున్నట్టే నడుస్తోంది. తర్వాత మీ టోంగా వచ్చింది. మ్యాచ్‌కి ముందు సాయంత్రం లిసియాతె మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ కొబ్బరిపాలలో చేప వండింది. వాడు గిన్నె నాకినంత పని చేసి, లేచి, మేకుకి ఉన్న నా వానకోటు తీసుకున్నాడు. వీపు మీద ఫిజీ అని రాసున్న నీలం కోటు, మైదానంలో నేను వేసుకునేది. "మామా, ఇది తీసుకుంటున్నా" అన్నాడు. తీసుకోరా అన్నాను. ఏమనగలను? నిజం చెప్పాలంటే మనసులో హమ్మయ్య అనుకున్నాను. వాడి హక్కేదో కోటుతో తీరిపోయిందనుకున్నాను.

మర్నాడు వాన. ఆటంతా వాళ్ళ గోల్ ముందే. స్తంభానికి కొట్టాం, అడ్డకర్రకి కొట్టాం, వాళ్ళ కీపర్ మోకాలికి కొట్టాం, వలలోకి తప్ప అన్నిచోట్లకీ కొట్టాం. ఇంకాసేపట్లో విజిల్ ఊదుతారనగా వాళ్ళ డిఫెండరొకడు గుడ్డిగా బంతిని మా వైపు తన్నాడు. అవినేష్ కాక మా సగంలో ఉన్నది ఇద్దరే, సెరు, నీ కొడుకు. సెరు ముందున్నాడు. దున్నపోతంత మనిషి, మామూలుగా అయితే ఆ బంతి మళ్ళీ టోంగా సముద్రంలో పడాలి. నీ కొడుకు బంతి కోసం గింజుకోనైనా లేదు. పరిగెత్తుకొస్తూ, "సెరు మామా, ఇది నాది" అన్నాడు.

సెరు ఆగిపోయాడక్కా. ఆగి, తల కొంచెం వంచి, గుమ్మంలో పెద్దమనిషి ఎదురైతే దారిచ్చినట్టు పక్కకి జరిగాడు. అవినేష్ ముందుకి ఉరికాడుగానీ వాడికి అడ్డంగా సెరు వీపు. బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది.

స్టేడియం స్టేడియమంతా నోరు తెరిచి చూస్తోంది. అప్పుడు ఓ మూల నుంచి చప్పట్లు వినిపించాయి. మన వైలోమా వాళ్ళు. చేతులు దొప్పలు చేసి, నెమ్మదిగా, కానుక ఇచ్చేటప్పుడు పెద్దలు కొట్టే చప్పట్లు. నీ కొడుకు పరిగెత్తుకెళ్ళి వాళ్ళ బెంచీ దగ్గర నా కోటు తొడుక్కుని మైదానం చుట్టూ తిరిగాడు. టోంగాకి గోల్ కొట్టినవాడి వీపు మీద ఫిజీ. ఫొటో మొదటి పేజీలో వేశారు.

లోపలికెళ్ళాక అవినేష్ గ్లవ్స్ తీసి గోడకేసి కొట్టాడు. "ఏరా సెరూ, గోలంటే మీ తాత పెంచిన పందా, పంచిపెట్టడానికి?"

"అరవకు. మా అక్క కొడుకు. నాదన్నాడు. నాదంటే ఏం చెయ్యమంటావ్?"

"కాలు అడ్డం పెట్టమంటా. నీకు అల్లుడైతే నాకేంట్రా? మా బా జనానికి నేనేం చెప్పాలి, మా కెప్టెన్ గారి చుట్టాలొచ్చారు, అందుకని ఓడామనా?"

నేను సెరుని అడిగాను, "నువ్వు దేశానికి ఆడుతున్నావా, అక్కకి ఆడుతున్నావా?" అని. వాడు బూటు తాడు విప్పుకుంటూ తలెత్తకుండా అన్నాడు: "అన్నా, వాడు అడిగినరోజు నువ్వు ఇచ్చుంటే ఈ గోలు మనకే కొట్టేవాడు కదా."

ఆ క్షణాన వాడిని జట్టులోంచి తీసేశాను. నా నెత్తిన చెయ్యిపెట్టిన తమ్ముడొకడు, గుండెల మీద తన్నిన మేనల్లుడొకడు, వెనకుండి నడిపించిన అక్కొకతె. కోచ్ కుర్చీ కాళ్ళు మీరే కోస్తుంటే ఇంక పైవాళ్ళని అనేదేముంది?

ఇనోకె

*

నుకుఅలోఫా
జులై

ఇనోకెకి,

నవ్వకూడదనుకుంటూనే నవ్వాను, అబద్ధమెందుకు. మీ బావ అయితే చాప మీద పడి దొర్లాడు. తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివాను. అప్పుడొచ్చింది కోపం.

నేను వెనకుండి నడిపించానా? వాడు వెళ్ళేముందు నేను చెప్పింది ఒకటే, "మామ ఇంట్లో పెట్టింది తిను, వంక పెట్టకు" అని. వాడికి హక్కు నేర్పింది నేను కాదు. పందిపిల్ల మెడకి తాడు కట్టినవాడు నేర్పాడు.

సెరుని తీసేశావట. సెరు చేసిన తప్పేమిటి? వాడి పరిస్థితి కప్పకీ పాముకీ మధ్య ఇరుక్కున్నట్టయింది. విడవమంటే ఒకరికి కోపం, మింగమంటే ఒకరికి కోపం. నువ్వు ఇంటిలోపల, నలుగురూ చూడకుండా తీర్చాల్సిన బాకీని వాడు వేలమంది ముందు, వానలో నిలబడి తీర్చాడు. వైలోమా నుంచి పిన్ని ఉత్తరం రాసింది. ఊళ్ళో ఎవరూ సెరుని తప్పుపట్టడం లేదు. నీ పేరెత్తితే మాత్రం నలుగురూ కూడి తాగే కావా గిన్నె చుట్టూ మాటలు ఆగిపోతున్నాయట. అంత పెద్ద ఊరు మనది కాదు ఇనోకె, అక్కడ నీ మాట ఆగిపోతే ఇంకెక్కడ సాగుతుంది?

ఇంకో సంగతి. నీ కోటు మా గుమ్మంలో మేకుకి వేలాడుతోంది. వాన ఉన్నా లేకపోయినా వాడు అదే వేసుకుని తిరుగుతున్నాడు. మా అత్తగారి తరఫువాళ్ళు, "ఒరే, వీపు మీద ఆ పేరేమిట్రా, విప్పెయ్" అంటున్నారు. విప్పడు. నేను వాడిని ఏమీ అడగలేదు. నువ్వు మాత్రం అర్థం చేసుకోగలిగితే చేసుకో.

తోరికా

*

సువా
సెప్టెంబరు

శ్రీమతి పెనిసిమాని గారికి,

అక్కా అని రాయడం లేదు. మీరు టోంగావారి భార్య, నేను ఫిజీ కోచ్‌ని. ఈ లెక్కనే ఉంటే ఇద్దరికీ సుఖం.

తాహితీని ఇక్కడ ఓడించాం. పోర్ట్ విలాలో వనువాటునీ ఓడించాం. ఇప్పుడు తాహితీ మాకన్నా ఒక్క పాయింటు ముందుంది, వాళ్ళ ఆటలన్నీ అయిపోయాయి, మాకు ఒక్కటి మిగిలింది. అది మీ ఊళ్ళో. గెలిస్తే ముందుకి పోతాం. డ్రా చేసుకుంటే సమానమవుతాం, గోల్స్ లెక్కలో తాహితీయే ముందుకి పోతుంది, నేను ఇంటికి పోతాను. నా బదులు రాబోయేవాడి పేరు కూడా పేపర్లో రాసేశారు. నోరు తిరగని పేరు.

సెరుని మళ్ళీ తీసుకున్నాను. జాలిపడి కాదు, వాడు లేని డిఫెన్స్ తలుపులేని ఇల్లు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను: "ఈసారి వాడు నీకు అల్లుడు కాదు. ఏడో నంబరు. వాడు నీదాకా రాకూడదు, వచ్చాడా, దాటకూడదు. ఎలా ఆపుతావో నాకనవసరం." "ఇది కోచ్ మాటా, అన్న మాటా?" అన్నాడు సెరు. రెండూ అన్నాను.

నేను మీ ఇంటికి రాను. జట్టుతో హోటల్లో దిగుతాను. మీ వంట తినను, మీ గుమ్మం తొక్కను. మీరు మైదానానికి రావద్దు. వస్తే నా కళ్ళబడే చోట కూర్చోవద్దు.

ఇనోకె

*

నుకుఅలోఫా, ఆస్పత్రి వరండా
అక్టోబరు

కోచ్ గారికి,

వచ్చాను. మీరు రావద్దన్నా వచ్చాను. మీకు ఎదురుగా, కొబ్బరిమట్టల పందిరి కింద కూర్చున్నాను. మీరు నన్ను చూశారు, తల తిప్పుకున్నారు.

గోల్ కొట్టారు, బాగా కొట్టారు, మీ బావే ఆ మాట అన్నాడు. తర్వాత నా కొడుకు బంతి తీసుకుని ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, సెరు ముందుకొచ్చాడు. ఈసారి వాడు నాది అని అనలేదు. ఏమీ అనకుండా ఆడే దాటాలనుకున్నాడు. వాడు మామూలు ఆటగాడిలా నీ గోడని దాటి చూపించాలనుకున్నాడు ఇనోకె. సెరు జారుకుంటూ వచ్చాడు. తడినేల. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది.

సెరు అక్కడే మోకాళ్ళ మీద కూలబడి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. రిఫరీ లెమ్మంటే లేవలేదు. మీ బావ మైదానంలోకి పరిగెత్తాడు. మీ గోల్ కీపర్, ఆ బా కుర్రాడు, అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి వాడి కాలికి తన చొక్కా చుట్టాడు. వాడికి నా కొడుకు ఏమవుతాడు? నువ్వేం చేశావు? గీత మీద నిలబడి గడియారం చూసుకున్నావు.

నేను చూశాను. నా కొడుకు నేల మీద ఉంటే నా తమ్ముడు ఆట ఇంకెంతసేపుందో చూసుకున్నాడు.

ఒళ్ళంతా నిప్పులు పోసినట్టుంది నాకు. నిన్ను చిన్నప్పుడు నా వీపు మీద మోశాను. ఆ వీపు మీద చరుచుకుంటున్నాను ఇప్పుడు. మామ ఊరి చేతిలో మేనల్లుడి రక్తం పడితే ఎంత తప్పో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. తప్పు కట్టడానికని తిమింగలం పన్ను పట్టుకుని వస్తావేమో, రాకు. పన్ను అందుకుంటే క్షమించి తీరాలి. నేను అందుకోను.

తోరికా

*

సువా
అక్టోబరు చివర

అక్కా,

తిట్టు. ఇంకా తిట్టు. కానీ నిజం కూడా విను.

రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. సెరు బంతినే కొట్టాడు, కాలు తర్వాత తగిలింది. నేను ఆపమన్నాను, విరగ్గొట్టమనలేదు. ఈ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నిజం.

గడియారం చూశానన్నావు. ఇంకెక్కడ చూడను? నేలకేసి చూస్తే వాడు. పందిరికేసి చూస్తే నువ్వు. నీకేసి చూసి ఒక్క మాట అనడానికి నాకు హక్కు లేదు, ఊరూరా తెలిసిన ఆచారం. చేతికి ఉన్నది అదొక్కటే. అందులో ఎంతయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

గెలిచాం. గ్రూపులో మొదటి స్థానం. విమానం దిగితే మార్కెట్ జనం భుజాల మీద ఎత్తుకున్నారు. మొన్నటిదాకా నా మొహాన తలుపేసిన పెద్దమనుషులు దండలేశారు. "తర్వాతి రౌండుకీ నువ్వే" అన్నారు. సెరు మాతో రాలేదు, మీ ఆస్పత్రి వరండాలోనే ఉండిపోయాడు, నీకు తెలిసిందే. వైలోమా నుంచి ఒక్క మనిషి రాలేదు, ఒక్క కబురు రాలేదు.

నామీద నాకే మండిపోతోంది. సెరు మీద మండుతోంది, వాడు అక్కడుండి నన్ను దొంగని చేశాడు. నీ కొడుకు మీద కూడా మండుతోంది. ఆ రోజు కూడా నాది అనేస్తే పోయేది కదా, వెధవ, సెరు తప్పుకునేవాడు, నేను ఓడిపోయి ఇంట్లో కూర్చునేవాణ్ణి, వాడి కాలు మిగిలేది.

పన్ను తెస్తాను. నువ్వు అందుకోకపోతే నీ గుమ్మంలో కూర్చుంటాను.

ఇనోకె

*

నుకుఅలోఫా
నవంబరు

ఇనోకెకి,

నీ ఉత్తరం లిసియాతెకి చదివి వినిపించాను. వెధవ అన్న దగ్గర నవ్వాడు. నవ్వితే కాలు నొప్పి పుట్టి మళ్ళీ ఏడ్చాడు.

డాక్టరు ఏడాది పడుతుందంటున్నాడు. అది కూడా ఎవరైనా రోజూ పక్కనుండి, నడిపించి, మెల్లగా పరిగెత్తిస్తేనట. సెరు ఇన్నాళ్ళూ వాడిని భుజాన వేసుకుని తిప్పాడు. మీ బావ వాడికి చేమదుంపలు పెట్టి పెట్టి లావు చేశాడు. నా కోపం తగ్గిందనుకోకు. సెరు మీద లేదు, నీ మీదే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం వాడు నన్ను పిలిచి, "అమ్మా, మామకి ఉత్తరం రాయి" అన్నాడు. ఏం రాయనురా అన్నాను. "పన్ను అక్కర్లేదని రాయి. నాకు ఇంకోటి కావాలి. అడగడం లేదు, తీసుకుంటున్నా" అన్నాడు.

కోటు ఉంది కదరా అన్నాను.

"కోటు కాదు. మామ కావాలి. మామని తీసుకుంటున్నానని రాయి. జట్టుని ఎవరికైనా ఇచ్చేసి వచ్చెయ్యమను. ఆ రోజు నన్ను ఒక్కసారి కూడా పరిగెత్తించి చూడలేదు మామ. ఇప్పుడు నేను పరిగెత్తేదాకా ఇక్కడే ఉండి చూడమను."

నేను వారించాను, అబద్ధం చెప్పను. "ఒరే, ఆ కుర్చీ కోసం మామ ప్రాణం పెట్టాడురా, ఇంకేదైనా అడుగు" అన్నాను. అంత కోపంలోనూ ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో. వాడు గోడకేసి తిరిగి పడుకున్నాడు. పక్కనున్న సెరు చేతులు దొప్పలు చేసి, నెమ్మదిగా, మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

వాడి మాట నీకు చేరవేశాను. నా పని అంతే.

తోరికా

*

సువా
నవంబరు

తోరికక్కకి,

కాదనే మామ పుట్టలేదన్నావు. ఒకడు పుట్టాడు, ఒకసారి కాదన్నాడు, రెండోసారి కాదనే ధైర్యం వాడికి లేదు.

పొద్దున పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మేనల్లుడు అడిగాడని ప్రపంచ కప్పు వదులుకుంటావా?" అన్నాడు ఒకాయన. ఆయనా మన దీవులవాడే. రెండోసారి ఆ మాట అనలేక, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నోరు తిరగని పేరువాడు వచ్చేవారం వస్తాడట. అవినేష్ మాత్రం తగువేసుకున్నాడు. "మీ అందరికీ పిచ్చి సార్. గోలు అడిగితే గోలిస్తారు, కోచ్‌ని అడిగితే కోచ్‌నిస్తారు. రేపు ఆ పిల్లోడు నన్నడిగితే నన్నూ ప్యాక్ చేసి పంపుతారా?" అన్నాడు. ఆ తర్వాత వీధి చివరిదాకా వచ్చి, నీ కొడుకు కాలికి కట్టమని మోకాలి పట్టీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

నాకు కోపంగా ఉంది అక్కా. దాచుకోను. జీవితంలో ఒక్కసారి దొరికిన కుర్చీ. నేను కూర్చున్నాను, గెలిచాను, గెలిచినవాణ్ణి గెలిచినట్టు ఉండనివ్వలేదు మీరు. బల్ల మీద ఈ కాగితం పెట్టుకుని పళ్ళు కొరుకుతున్నాను. దారి పొడుగునా కొరుకుతూనే వస్తాను. నీ కొడుకుని మంచం మీంచి లేపి, తిట్టి, కొండ ఎక్కించి, సముద్రపు ఇసుకలో పరిగెత్తించి, వాడు ఇంక చాలు మామా అని కాళ్ళు పట్టుకునేదాకా వదలను. అప్పుడు చూస్తాను వాడి ఆట. రెండేళ్ళ కిందట చూడాల్సిందది.

బుధవారం పడవకి వస్తున్నాను. పన్ను కూడా తెస్తున్నాను. మేనల్లుడు వద్దన్నాడు, నువ్వు ఈసారి అనలేదు. అందుకోవడం మానడం నీ ఇష్టం.

నీ గుమ్మంలో అడుగుపెట్టాక నీతో ఒక్క ముక్క మాట్లాడలేను. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలు రాసుకుంటే బావ నవ్వుతాడు. ఏడాదో, రెండేళ్ళో, నువ్వు ఆ గదిలోంచి వస్తే నేను ఈ గదిలోంచి పోవాలి. తిట్టాలన్నా, తిట్టించుకోవాలన్నా ఇదే ఆఖరు. అందుకే ఉన్న కోపమంతా ఇక్కడే రాసేశాను.

ఒకటి మర్చిపోయాను. బావ చేమదుంపలు మెత్తగా పిప్పిలా ఉడికిస్తాడు. నాకు గట్టిగా ఉండాలి, నువ్వు చిన్నప్పుడు పెట్టేదానివే అలాగ. అక్కడికి వచ్చాక చెప్పలేను.

నీ తమ్ముడు
ఇనోకె